నేల ఉసిరితో లివర్‌ను కాపాడుకోవడం: మొక్క గుర్తుపట్టడం నుంచి మళ్లీ రక్తపరీక్ష దాకా

తొలకరి పడి పదిహేను రోజులైతే చాలు, మా అమ్మమ్మ గారి పెరట్లో బావి గట్టు చుట్టూ నేల ఉసిరి లేచేది. ఊళ్లో ఎవరికి కళ్లు పచ్చబడ్డా పొద్దున్నే గిన్నె పట్టుకుని మా ఇంటికి వచ్చేవారు. అమ్మమ్మ మొక్కను పీకి, కడిగి, సన్నికల్లు మీద నూరి, ఉసిరికాయంత ముద్దను మజ్జిగలో కలిపి ఇచ్చేది. పైసా పుచ్చుకునేది కాదు. మూడు నాలుగు వారాలకు వాళ్ల కళ్లు తెల్లబడేవి, పండగకి ఇంటికి అరిసెలు వచ్చేవి.

అదే పసరును మా మేనమామ రెండు నెలలు తాగాడు. ఆయనకు తగ్గలేదు. ఒళ్లంతా దురద, రాత్రిళ్లు నిద్ర లేదు, మలం సుద్దరంగులోకి మారింది. "పత్యం సరిగ్గా చెయ్యట్లేదు" అని ఇంట్లో ఆయన్నే కోప్పడ్డారు. చివరికి చలిజ్వరం వచ్చి పడిపోతే పట్నం తీసుకెళ్లి స్కానింగ్ చేయించారు. పిత్తనాళంలో రాయి అడ్డుపడి ఉంది, అప్పటికే చీము పట్టింది. బతికాడు గానీ నెల పైనే ఆసుపత్రిలో ఉన్నాడు.

రెండు సందర్భాల్లోనూ మొక్క ఒకటే, నూరిన చెయ్యి ఒకటే. జబ్బులు వేరు. నేల ఉసిరి మీద నాకు ఇప్పటికీ ప్రేమ ఉంది. మా కుండీల్లో ఇవాళ కూడా పెరుగుతోంది. కానీ దాన్ని వాడే పద్ధతిలో అమ్మమ్మ కాలంలో లేని ఒక అడుగు ముందు, ఒక అడుగు వెనక చేర్చుకున్నాను. ముందు పరీక్ష, తర్వాత పరీక్ష, మధ్యలో కొలత ప్రకారం ఒకే ఒక్క మొక్క. ఆ క్రమాన్నే ఇక్కడ రాస్తున్నాను.

అడుగు 1: ఆకు కోయకముందే రక్తం ఇవ్వండి

కామెర్లు అనేది జబ్బు పేరు కాదు, లోపలి జబ్బు పైకి కనిపించే గుర్తు. రక్తంలో బిలిరుబిన్ డెసిలీటరుకు సుమారు 1.2 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. అది 2.5, 3 దాకా పెరిగితే గానీ కళ్లలో పసుపు కనిపించదు. ఎర్రరక్తకణాలు ఎక్కువగా విరిగిపోయినా, లివర్ కణాలు దెబ్బతిన్నా, పిత్తం పేగుల్లోకి దిగే దారి మూసుకుపోయినా కళ్లు ఒకేలా పచ్చబడతాయి. నేల ఉసిరికి ఏమైనా పని ఉంటే రెండో రకంలోనే. మా మామయ్యది మూడో రకం. రాయిని, గడ్డను ఏ పసరూ కరిగించి తీసెయ్యలేదు. అక్కడ గడిచే ప్రతి వారం నష్టమే.

అందుకని ముందు నాలుగు పరీక్షలు చేయించండి: ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే రక్తపరీక్ష), పీటీ-ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసేది), హెపటైటిస్ బి, సి పరీక్షలు, కడుపు అల్ట్రాసౌండ్. రిపోర్టు చదివి జబ్బు తేల్చాల్సింది డాక్టరే. అయినా మీకూ కొంత తెలిస్తే మంచిది. ఎల్‌ఎఫ్‌టీ రిపోర్టులో ఎస్‌జీపీటీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే అంకెలు ఉంటాయి. ఎస్‌జీపీటీ సాధారణంగా 40 లోపు ఉంటుంది. లివర్ కణాలు పగిలినప్పుడు ఇది పెరుగుతుంది, వైరస్ కామెర్లలో వేలల్లోకి కూడా వెళ్తుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా పెరిగి ఎస్‌జీపీటీ కొంచెమే పెరిగితే పిత్తం దారిలో ఏదో అడ్డుందని అనుమానించాలి.

చాలామంది చేయించుకోని పరీక్ష పీటీ-ఐఎన్‌ఆర్. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన పదార్థాల్లో ఎక్కువ భాగం తయారయ్యేది లివర్‌లోనే. ఐఎన్‌ఆర్ మామూలుగా 1 దగ్గర ఉంటుంది. 1.5 దాటిందంటే లివర్ తన పని తాను చేసుకోలేకపోతోందని అర్థం. అప్పుడు ఇంటి వైద్యం ఆలోచనే వద్దు. నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

పరీక్ష దాకా కూడా ఆగకుండా వెంటనే బయల్దేరాల్సిన లక్షణాలు కొన్ని ఉన్నాయి. మనిషి తికమకగా మాట్లాడటం, పగలు మత్తుగా పడుకుని రాత్రంతా మేలుకోవడం, చేతులు చాపితే వణకడం. చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం కారడం, నల్లటి మలం. ఆగని వాంతులు. పొట్ట ఉబ్బడం. కామెర్లతో పాటు చలిజ్వరం. గర్భిణికి కామెర్లు రావడం. వీటిలో చివరిదాన్ని మన ఇళ్లల్లో చాలా తేలిగ్గా తీసుకుంటారు. నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఇ మామూలు మనిషికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. అదే చివరి నెలల్లో ఉన్న గర్భిణికి వస్తే ప్రాణాంతకం కావచ్చు. ఆమెకు పసరు పట్టించే ప్రయత్నం ఎవరు చేసినా అడ్డుపడండి.

అడుగు 2: ముందు దెబ్బను ఆపండి

గాయానికి మందు రాసే ముందు అక్కడ గుచ్చుకున్న ముల్లు తీస్తాం. లివర్‌కైనా అంతే. చాలామంది ఆ ముల్లును అలాగే ఉంచి పసరు తాగుతారు.

రోజూ మద్యం తాగే మనిషికి నేల ఉసిరి ఇచ్చి ప్రయోజనం లేదు. మద్యం వల్ల లివర్‌లో చేరిన కొవ్వు, గట్టిపడే దశ దాటకపోతే, మానేసిన కొన్ని వారాల్లోనే తగ్గడం మొదలవుతుంది. ఇంత వేగంగా పనిచేసే మూలిక నాకు తెలిసి లేదు. ఒక జాగ్రత్త మాత్రం పాటించాలి. ఏళ్ల తరబడి బాగా తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. అలాంటివాళ్లు డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి. కల్లు చెట్టు నుంచి దిగినదే కదా అని వదిలెయ్యకండి, అందులోనూ ఆల్కహాల్ ఉంది. కల్తీ కల్లు అయితే మత్తుమందులు కూడా ఉంటాయి.

మాత్రల సంగతి చూద్దాం. పెద్దవాళ్లు పారాసిటమాల్‌ను రోజుకు 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు ఎనిమిది మించకూడదు. తాగే అలవాటున్నవాళ్లకు, లివర్ బలహీనంగా ఉన్నవాళ్లకు ఆ హద్దు ఇంకా తక్కువ, అది డాక్టర్ చెప్పాలి. జలుబు మాత్రల్లో, ఒళ్లునొప్పుల మాత్రల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది. రెండు మూడు రకాలు ఒకేసారి వేసుకునేవాళ్లకు తెలియకుండానే మోతాదు దాటుతుంది. పొరపాటునో, మనసు బాగోకనో ఎక్కువ మింగితే అసలు పసరు జోలికి పోకండి. ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది. 8 గంటల లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆలస్యమైనా సరే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. మొదటి రోజు మనిషి బాగానే కనిపిస్తాడు, దాన్ని చూసి మోసపోకండి.

టీబీ మందులు వాడేవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతింటుంది. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడింటికీ ఆ గుణం ఉంది. వాంతి, ఆకలి లేకపోవడం, కళ్లు పచ్చబడటం కనిపిస్తే మాత్రలు ఇచ్చిన కేంద్రానికి అదే రోజు వెళ్లాలి. సొంతంగా టీబీ కోర్సు మానేసి మూలికలకు మారడం మాత్రం వద్దు.

ఇక ఫ్యాటీ లివర్. షుగర్, పొట్ట ఉన్నవాళ్లలో చాలామందికి స్కానింగ్‌లో బయటపడుతోంది. బరువులో 5 శాతం తగ్గితే కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా దిగుతుంది. అంటే 80 కిలోల మనిషి 6 నుంచి 8 కిలోలు తగ్గాలి. ఇది నెమ్మదిగా, నెలల మీద జరగాల్సిన పని.

హెపటైటిస్ బి, సి తేలితే దారి వేరు. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం. సి ఇప్పుడు మాత్రలతో దాదాపు అందరికీ నయమవుతోంది. దీర్ఘకాలంగా ఉన్న బి పూర్తిగా పోయేది అరుదు గానీ, అవసరమైనవాళ్లకు మాత్రలతో అదుపులో ఉంటుంది. ఈ మందులు చేతికందే దూరంలో ఉండగా ఏళ్ల తరబడి పసరుతో గడిపేసి లివర్ గట్టిపడ్డాక వచ్చేవాళ్లను తలచుకుంటే నాకు చాలా బాధేస్తుంది.

అడుగు 3: మొక్కను సరిగ్గా గుర్తుపట్టండి

పరీక్షల్లో పిత్తం దారి మూసుకుపోలేదని తేలింది, ఐఎన్‌ఆర్ బాగుంది, డాక్టర్ "విశ్రాంతి తీసుకోండి, అదే తగ్గుతుంది" అన్నారు. మొక్క గురించి ఆలోచించాల్సిన సమయం ఇదే.

నేల ఉసిరి శాస్త్రీయ నామం ఫిల్లాంథస్ అమారస్. అమారస్ అంటే లాటిన్‌లో చేదు. సంస్కృతంలో భూమ్యామలకి, తమిళంలో కీళానెల్లి. కీళా అంటే కింద, నెల్లి అంటే ఉసిరి. ఆ పేరులోనే గుర్తు ఉంది. రెమ్మను తిరగేసి చూడండి. ఆకుల కింద వరసగా ఆవగింజంత గుండ్రటి కాయలు చిన్న కాడతో వేలాడుతూ ఉంటాయి. పైనుంచి చూస్తే చింతాకులాంటి చిన్న చిన్న ఆకులే కనిపిస్తాయి.

మొక్క జానెడు నుంచి మూరెడు దాకా, నిటారుగా పెరుగుతుంది. కాండం ఆకుపచ్చగా ఉంటుంది. కాయలు నున్నగా ఉంటాయి. నమిలితే చేదు నాలుక మీద చాలాసేపు నిలుస్తుంది. సాయంత్రం అయ్యేసరికి ఆకులు ముడుచుకుంటాయి.

దీనికి దగ్గరి చుట్టం ఒకటి ఉంది, చాలామంది పొరబడేది అక్కడే. దాని కాండం ఎర్రగానో గులాబీ రంగులోనో ఉంటుంది. కాయకు కాడ ఉండదు, రెమ్మకే అతుక్కుని ఉంటుంది. పైన గరుకుగా పొక్కుల్లా ఉంటుంది. అది ఫిల్లాంథస్ యూరినేరియా. విషం కాదు గానీ మనం వెతికే మొక్క కాదు. భూతద్దం ఉంటే గింజను చూడండి. నేల ఉసిరి గింజ మీద గీతలు నిలువుగా, దీని గింజ మీద అడ్డంగా ఉంటాయి. బజారులో దొరికే ఎండు నేల ఉసిరిలో ఈ రకాలన్నీ కలిసిపోయి ఉంటాయి, అందుకే పచ్చి మొక్కను చూసి కోసుకోవడమే నాకు ఇష్టం.

ఇంకో సులువైన పరీక్ష ఉంది. కాడ తుంచండి. పాలు కారితే అది నేల ఉసిరి కాదు. నానబాలు జాతి మొక్కలు కొన్ని నేల మీద పాకుతూ దూరం నుంచి ఇలాగే కనిపిస్తాయి, వాటికి పాలుంటాయి. ముట్టుకోగానే ముడుచుకుంటే అది అత్తిపత్తి. పసుపు పూలు, చిక్కుడులా కాయలు ఉంటే అదీ కాదు.

కొంచెం సందేహం ఉన్నా కోయకండి. ఊళ్లో తెలిసిన పెద్దవాళ్లకో, ఆయుర్వేద డాక్టర్‌కో, దగ్గర్లోని కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మాస్టారికో కాయలున్న రెమ్మ చూపించండి.

ఎక్కడ కోస్తున్నామన్నదీ అంతే ముఖ్యం. నేల ఉసిరి కలుపు మొక్క. మిరప చేలో, కొబ్బరి తోటలో, రోడ్డు పక్కన, మురుగుకాలువ గట్టున ఎక్కడైనా మొలుస్తుంది. కలుపు మందు కొట్టిన చేలో కోసిన మొక్కతో లివర్‌ను కాపాడుకోవడం ఎలా కుదురుతుంది? పారాక్వాట్ లాంటి మందు లోపలికి పోతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, లివర్ మూడూ పోతాయి. వాహనాలు తిరిగే రోడ్డు పక్కనా వద్దు. అన్నిటికన్నా మేలైన పద్ధతి, ఒకసారి సరైన మొక్క దొరికాక కాయలు పండనిచ్చి కుండీలో రాల్చుకోవడం. గింజను మట్టితో కప్పాల్సిన పని లేదు, పైన చల్లి తడి ఆరకుండా చూస్తే చాలు. ఆ తర్వాత ఏటా తనంతట తానే వస్తుంది.

అడుగు 4: కోత, కడుగు, నూరు, కొలత

కాయలు పట్టిన మొక్కను పొద్దున పూట కోయండి. అమ్మమ్మ వేళ్లతో సహా నూరేది. నేను వేరు కోసేసి పై భాగమే వాడతాను. వేరు మట్టిని పూర్తిగా వదిలించడం కష్టం, ఆ మట్టిలోనే పేగులకు పడని సూక్ష్మజీవులు ఉంటాయి. పారే నీళ్లలో మూడుసార్లు కడిగి, చివరి కడుగు మరగబెట్టి చల్లార్చిన నీళ్లతో కానివ్వండి. నీళ్ల వల్ల కామెర్లు తెచ్చుకున్న మనిషికి మళ్లీ మురికి నీళ్లతో నూరిన పసరు పట్టించే ఇళ్లు ఎన్నో చూశాను. రోలు, మిక్సీ జార్ కూడా వేడినీళ్లతో కడగాలి.

నూరి, పలుచని శుభ్రమైన బట్టలో పిండితే చిక్కటి ఆకుపచ్చ రసం వస్తుంది. ఆయుర్వేదంలో పెద్దవాళ్లకు చెప్పే మోతాదు రసమైతే 10 నుంచి 20 మిల్లీలీటర్లు, ఎండు పొడి అయితే 3 నుంచి 6 గ్రాములు. నేను ఎప్పుడూ తక్కువ వైపే ఉంటాను. రోజు మొత్తానికి 10 మిల్లీలీటర్లు, అంటే రెండు టీస్పూన్లు. దగ్గు మందు సీసాతో వచ్చే గీతల మూత ఉంటే దానితో కొలవండి. గ్లాసుడు తాగితే తొందరగా తగ్గుతుందన్న ఆలోచన వదిలెయ్యండి. ఎక్కువ తాగితే కడుపులో తిప్పి విరేచనాలు పట్టుకుంటాయి, కామెర్లతో నీరసపడ్డ మనిషి ఇంకా కుంగిపోతాడు.

అనుపానం, అంటే మందును కలిపి తాగేది, మజ్జిగ. ఇంట్లో తోడుపెట్టి, కాచిన నీళ్లతో చిలికినది. పరగడుపున పడకపోతే ఏదైనా తిన్నాక తాగండి, తప్పేమీ లేదు. ఏ రోజు రసం ఆ రోజే తియ్యాలి. ఫ్రిజ్‌లో దాచి మర్నాడు తాగొద్దు.

పొడి కావాలంటే కడిగిన మొక్కను నీడలో, గాలి ఆడే చోట బట్ట మీద పరిచి ఎండబెట్టండి. కాడ విరిస్తే చిటుక్కుమనాలి. తేమ ఉన్నప్పుడు డబ్బాలో పెడితే బూజు పడుతుంది. కొన్ని బూజుల్లో పుట్టే అఫ్లటాక్సిన్ లివర్‌కు బద్ధశత్రువు, క్యాన్సర్ కారకం కూడా. కాబట్టి రంగు మారినా, ముక్క వాసన వచ్చినా ఆలోచించకుండా పారెయ్యండి. వేరుశనగ గింజలకూ ఇదే నియమం.

ఇందులో ఇంకో ఆకు కలపకండి. ఊళ్లల్లో ఆముదం ఆకు, ఇంకేవో పేరు చెప్పని ఆకులు కలిపి ఇస్తుంటారు. ఏకమూలికగా, అంటే ఒక్క మొక్కనే వాడితే మంచి జరిగినా చెడు జరిగినా దేనివల్లో తెలుస్తుంది. ఐదు కలిపితే ఎవరికీ తెలియదు.

అడుగు 5: వారానికి, రెండు వారాలకు మళ్లీ పరీక్ష

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు దీన్ని వాడొద్దు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా మొదలుపెట్టొద్దు, ఈ మొక్కకు రక్తంలో చక్కెరను తగ్గించే గుణం ఉంది. బీపీ మాత్రలు, రక్తం పలుచనయ్యే మాత్రలు వాడేవాళ్లూ అంతే. లివర్ గట్టిపడిందని, అంటే సిర్రోసిస్ అని తేలినవాళ్లు సొంతంగా ఏ మూలికా ముట్టకూడదు.

మొదలుపెట్టిన వారానికి ఒకసారి, రెండు వారాలకు ఇంకోసారి ఎల్‌ఎఫ్‌టీ చేయించండి. బిలిరుబిన్, ఎస్‌జీపీటీ రెండూ దిగుతుంటే మంచిదే. దిగకపోయినా, పెరిగినా, దురదో దద్దురో వచ్చినా అదే రోజు ఆపేసి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఒక చిన్న విషయం. ఎస్‌జీపీటీ ముందు దిగుతుంది, బిలిరుబిన్ ఆలస్యంగా దిగుతుంది. కళ్లు ఇంకా పచ్చగానే ఉన్నాయని కంగారుపడి మోతాదు పెంచకండి. నెల దాటి వాడాల్సిన అవసరం నాకు ఎప్పుడూ కనిపించలేదు.

ఈ మొక్కను ఎంతవరకు నమ్మాలి?

హెపటైటిస్ ఎ, ఇ వల్ల వచ్చిన కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. అమ్మమ్మ గిన్నె దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఇలాంటివాళ్లే అయి ఉంటారు. పసరు తాగకపోయినా వాళ్ల కళ్లు తెల్లబడేవే. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అలాగని ఈ మొక్క మీద పని జరగలేదని కాదు. హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్, మద్రాసు పరిశోధకుడు త్యాగరాజన్ బృందంతో కలిసి నేల ఉసిరి మీద పనిచేశారు. 1988లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితం వచ్చింది. హెపటైటిస్ బి ఉన్న 37 మందికి ఎండు మొక్క పొడి 200 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు 30 రోజులు ఇస్తే, 22 మంది రక్తంలో వైరస్ ఉందని చూపే దాని పైపొర గుర్తు కనిపించకుండా పోయింది. ఉత్తుత్తి మందు ఇచ్చిన 23 మందిలో ఒక్కరికే పోయింది. ప్రపంచమంతా ఈ మొక్క వైపు చూసింది. తర్వాత థాయ్‌లాండ్‌లోనూ ఇతర చోట్లా మళ్లీ ప్రయత్నించారు. ఆ ఫలితం తిరిగి రాలేదు. తర్వాత అధ్యయనాలన్నీ కలిపి చూసినవాళ్లు కూడా గట్టి రుజువు లేదనే తేల్చారు.

ఎలుకల మీద ప్రయోగాల్లో మాత్రం ఫలితాలు బాగున్నాయి. కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే విష రసాయనం, పారాసిటమాల్, ఆల్కహాల్‌తో లివర్‌ను దెబ్బతీసినప్పుడు ఈ మొక్క సారం ఆ దెబ్బను తగ్గించింది. అందులోని ఫిల్లాంథిన్ లాంటి పదార్థాలు కణాల్లో పుట్టే హానికర ఆక్సిజన్ అణువులను అడ్డుకుంటాయని చెబుతారు. కానీ ఇలాంటి ప్రయోగాల్లో చాలావాటిలో మూలికను విషానికి ముందే ఇస్తారు. మనం జబ్బు వచ్చాక తాగుతాం. ఈ తేడా గుర్తుంటే ఆశ హద్దుల్లో ఉంటుంది. నా మటుకు నాకు నేల ఉసిరి తోడు మందు మాత్రమే, అసలు చికిత్స స్థానంలో దాన్ని కూర్చోబెట్టను.

మిగతా మూలికలు

సిలిమారిన్ మన నేల మొక్కది కాదు, మధ్యధరా ప్రాంతపు ముళ్ల మొక్క గింజల నుంచి వస్తుంది. మందుల షాపులో 140 మిల్లీగ్రాముల మాత్రలుగా దొరుకుతుంది. మూలికల్లో బాగా పరీక్షించినది ఇదే. విషపు పుట్టగొడుగు తిన్నవాళ్లకు యూరప్‌లో దీని ఇంజెక్షన్ ఇస్తారు. హెపటైటిస్ సి మీద మాత్రం 2012లో వచ్చిన పెద్ద అధ్యయనంలో పనిచెయ్యలేదు. పెద్ద హాని లేదు, పెద్ద ఆశా పెట్టుకోకండి.

కటుకరోహిణి హిమాలయాల్లో 3,000 మీటర్ల పైన పెరుగుతుంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ దీని నుంచి పిక్రోలివ్ అనే సారాన్ని తయారుచేసింది. మొక్క అంతరించిపోయే ప్రమాదంలో ఉంది కాబట్టి బజారులో కల్తీ ఎక్కువ. మోతాదు మించితే విరేచనాలు. ఆయుర్వేద డాక్టర్ రాసిస్తే తప్ప కొనకండి. గుంటగలగర, నేలవేము రెండూ మన చేల గట్ల మీద దొరికేవే. వాటికీ ఎలుకల ప్రయోగాల్లో మంచి పేరుంది, మనుషుల్లో రుజువు ఇంకా తక్కువ. వాటిని నేను వాడను, వాడమని చెప్పను.

ఈ వరసలో ఎవరూ ఊహించనిది కాఫీ. రోజుకు రెండు మూడు కప్పులు తాగేవాళ్లలో లివర్ గట్టిపడటం, లివర్ క్యాన్సర్ తక్కువగా కనిపిస్తున్నాయని అనేక దేశాల పరిశీలనల్లో తేలింది. గుండెదడ, నిద్రలేమి లేనివాళ్లు తాగొచ్చు. అరకు గింజలైనా చిక్కమగళూరు గింజలైనా సరే, చక్కెర లేకుండా తాగాలి. మూడు స్పూన్ల చక్కెర వేస్తే ఫ్యాటీ లివర్‌కు మళ్లీ మేత పెట్టినట్టే.

లివర్‌నే దెబ్బతీసిన మొక్కలు

ఈ భాగం దాటవెయ్యకండి. కరోనా కాలంలో ఇంటింటా తిప్పతీగ కషాయం కాచారు. 2021లో ముంబయి డాక్టర్లు, తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న ఆరుగురి వివరాలు ప్రచురించారు. తర్వాత ఇతర నగరాల నుంచీ అలాంటి కేసులు వచ్చాయి. అది వేరే జాతి తీగ అయి ఉండొచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అంది. ఆ చర్చ ఎలా ఉన్నా, కొన్ని రకాల థైరాయిడ్ జబ్బుల్లాంటివి, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటినే దెబ్బతీసే జబ్బులు ఉన్నవాళ్లు తిప్పతీగ జోలికి పోకపోవడం మంచిది.

కూరలో పసుపుతో ఏ ఇబ్బందీ లేదు. మిరియాల సారం కలిపి ఒంటికి ఎక్కువ పట్టేలా చేసిన కర్క్యుమిన్ క్యాప్సూల్స్ వల్ల మాత్రం అమెరికాలో, ఇటలీలో లివర్ జబ్బులు నమోదయ్యాయి. గ్రీన్ టీ కప్పుతో భయం లేదు, బరువు తగ్గడానికి అమ్మే గ్రీన్ టీ సారం మాత్రలతో ఉంది. అశ్వగంధ మాత్రలతోనూ కొందరికి కామెర్లు వచ్చాయి.

కసివింద గింజల కథ ఇంకా ఘోరం. ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ ప్రాంతంలో పిల్లలు ఏటా శీతాకాలం ముందు అంతుచిక్కని జబ్బుతో చనిపోయేవారు. మెదడు వాపు వ్యాధి అనుకున్నారు. తీరా చూస్తే కసివింద కాయలు తిన్న పిల్లలకు లివర్, కండరాలు, మెదడు ఒకేసారి దెబ్బతింటున్నాయని తేలింది. మన ఊళ్ల దిబ్బల మీదా ఇదే మొక్క ఉంది. ఆడుకునే పిల్లలకు దాన్ని చూపించి, నోట్లో పెట్టుకోవద్దని చెప్పండి.

పేరూ వివరాలూ లేకుండా పొట్లాల్లో కట్టి ఇచ్చే పొడులు, భస్మాలు వాడొద్దు. సీసం, పాదరసం కలిసిన మందులు పరీక్షల్లో ఎన్నోసార్లు బయటపడ్డాయి. ముక్కులో పసరు, కంట్లో పసరు, చేతి మీద వాతలు పూర్తిగా మానాలి. ముక్కులో పసరు పోస్తే కారే పసుపు నీరు కామెర్లు దిగడం కాదు, ముక్కు లోపలి పొర కాలి కారే నీరు.

పత్యం

ఉప్పు, నూనె, పప్పు మానిపించి నెల రోజులు చప్పటి మజ్జిగన్నం పెట్టే పత్యం నాకు అసలు నచ్చదు. లివర్ కణాలు మళ్లీ పెరగడానికి తిండి కావాలి. ఇడ్లీ, పెసరపప్పు, పెరుగు, గుడ్డు, అరటిపండు, మెత్తటి అన్నం, కూరలు, అన్నీ తినొచ్చు. వాంతి వచ్చినట్టుంటే వేపుళ్లు తగ్గించి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. పసుపు తింటే కళ్లు ఇంకా పచ్చబడతాయన్నది రంగును చూసి పుట్టిన భయమే. చెరుకురసం ఇంట్లో శుభ్రంగా తీసినదైతే సరే. బండి మీద ఐసు ముక్కలతో ఇచ్చేదైతే, కామెర్లు తెచ్చిన నీళ్లే మళ్లీ అందులో ఉండొచ్చు. ఇంట్లో ఒకరికి హెపటైటిస్ ఎ గానీ ఇ గానీ వస్తే మిగతావాళ్లంతా మరగకాచిన నీళ్లే తాగాలి, మరుగుదొడ్డికి వెళ్లొచ్చాక సబ్బుతో చేతులు కడగాలి. హెపటైటిస్ బి టీకా పుట్టిన 24 గంటల్లో వేయించాలి, పెద్దవాళ్లూ వేయించుకోవచ్చు.

చివరి అడుగు: రాసిపెట్టుకుని, డాక్టర్‌కు చెప్పడం

"తిడతారేమో" అని చాలామంది డాక్టర్ దగ్గర పసరు మాట ఎత్తరు. మా మామయ్య కూడా ఎత్తలేదు. ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. ఏ తేదీన మొదలుపెట్టారు, ఏ మొక్క, పచ్చి రసమా పొడా, రోజుకు ఎంత, ఏ రోజు ఏ పరీక్ష, అంకెలు ఎంత. పక్కన వేసుకునే మాత్రల పేర్లన్నీ రాయండి. వాడిన మొక్క రెమ్మ ఒకటి, కాయలతో సహా, పాత పుస్తకం మధ్యలో ఎండబెట్టి ఉంచండి. కొన్న పొడి అయితే డబ్బా పారెయ్యకండి. తర్వాత ఆ బుక్కు, ఆ రెమ్మ టేబుల్ మీద పెట్టి ఇలా చెప్పండి: "డాక్టర్ గారూ, ఫలానా తేదీ నుంచి నేల ఉసిరి రసం రోజుకు రెండు స్పూన్లు తాగుతున్నాను. ఇదిగో మొక్క. ఇవి ముందు రిపోర్టులు, ఇవి నిన్నటివి. కొనసాగించమంటారా, ఆపమంటారా?" ఆపమంటే ఆ రోజే ఆపెయ్యండి. కుండీలో మొక్క ఎక్కడికీ పోదు.